పిల్లని ఆడించారు, తలుపు మాత్రం తట్టలేదు: మహమ్మారి ఏడాదిలో ఒక కాలేజీ సర్వీసు మీద నా రివ్యూ

ముందు దేనికి రివ్యూ రాస్తున్నానో చెప్తాను. 2020 ఆగస్టు నుంచి 2021 మే వరకు మా పెద్దమ్మాయిని క్యాంపస్‌లో ఉంచుకుని, చదివించి, సాకర్ ఆడించడానికి ఒక కాలేజీ చేసిన ఏర్పాట్లకి. డార్మ్ గది, మీల్ ప్లాన్, వారం వారం కోవిడ్ టెస్టు, క్వారంటీన్ బిల్డింగ్, అథ్లెటిక్ ట్రెయినర్లు (ఆడేవాళ్ల గాయాలు, ఒంటి సంగతి చూసేవాళ్లు), మ్యాచ్‌ల లైవ్ స్ట్రీమ్, అన్నీ కలిపి. వీటన్నిటికీ సెమిస్టరుకి ఇంత అని మేం డబ్బు కట్టాం. కట్టిన డబ్బుకి ఏం దొరికిందో చెప్తాను. కాలేజీ పేరు రాయను. అమ్మాయి ఇంకా అక్కడే చదువుతోంది, అదే టీంలో ఆడుతోంది. మా ఇంటి నుంచి కార్లో ఆరు గంటల దూరం, డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై స్థాయి) మహిళల సాకర్ టీం. అంతవరకు చాలు.

మేం ఉండేది నార్త్ కరోలినాలోని కేరీలో. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో టెక్నాలజిస్టుని, పంతొమ్మిదేళ్ల సర్వీసు. 2020 ఏప్రిల్ నుంచి నా నైట్ డ్యూటీలన్నీ కోవిడ్ పీసీఆర్ మెషిన్ ముందే గడిచాయి. అందుకని ఇందులో టెస్టుల సంగతి కాస్త ఎక్కువ ఉంటుంది. అమ్మాయి గోల్‌కీపర్. పదకొండేళ్లప్పుడు గ్లవ్స్ వేసుకుంది, మళ్లీ తీయలేదు. ఈ ఆగస్టులో పిల్లల్ని కాలేజీలో దింపబోతున్న మనవాళ్లు చాలామంది "అక్కా, పంపొచ్చా, ఏమైనా అయితే చూసుకుంటారా" అని ఫోన్ చేసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు, 2021 జూన్‌లో కూర్చుని మొత్తం రాస్తున్నాను.

పిల్లలు కాలేజీలో అడుగుపెట్టక ముందే అయోమయం మొదలైంది. 2020 మార్చి 12న, అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ ఆ సీజన్‌లో మిగిలిన టోర్నమెంట్లన్నీ ఒక్కసారిగా రద్దు చేసింది. బాస్కెట్‌బాల్ వాళ్లకి అప్పుడే పిడుగు పడింది. మహిళల సాకర్ మాత్రం ఆగస్టులో మొదలై డిసెంబరు మొదట్లో ఫైనల్‌తో ముగిసే ఆట. కాబట్టి మాకింకా టైముంది, అప్పటికి అంతా సర్దుకుంటుందిలే అనుకున్నాం. జులై వచ్చేసరికి ఆ ధైర్యం పోయింది. జులై 8న హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు తమ ఫాల్ (ఆగస్టు నుంచి డిసెంబరు) ఆటలు ఆడబోమన్నాయి. అదే రోజు స్టాన్‌ఫర్డ్ 11 క్రీడల టీంలు ఎత్తేస్తున్నామని ప్రకటించింది (మొన్న మేలో ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది). అంతకు రెండు రోజుల ముందే, ఆన్‌లైన్ క్లాసులు మాత్రమే ఉంటే విదేశీ విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలని ఇమిగ్రేషన్ వాళ్లు రూల్ తెచ్చారు. మా చెల్లెలి కొడుకు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు. జులై 14న ఆ రూల్ వెనక్కి తీసుకునే దాకా, ఆ ఎనిమిది రోజులు మా రెండిళ్లలోనూ సరిగ్గా నిద్రపోయినవాళ్లు లేరు.

ఆగస్టు 6న అమ్మాయిని దింపాం. అథ్లెట్లని మిగతా పిల్లలకంటే ముందే పిలిచారు. ఒక్కో కుటుంబానికి రెండు గంటల స్లాట్, సామాను మోయడానికి ఇద్దరికే పర్మిషన్. తమ్ముడు కార్లోనే కూర్చుని అక్కకి చెయ్యి ఊపాడు. ఆ మూవ్-ఇన్ మాత్రం చాలా పద్ధతిగా చేశారు. ముందు టెంట్‌లో టెస్టు, తర్వాతే గది తాళం చెవి. లిఫ్ట్‌లో ఒక కుటుంబం దిగాకే ఇంకొకరు. మాస్కు జారితే చెప్పడానికి ప్రతి అంతస్తులో ఒక మనిషి. హాస్పిటల్లో పనిచేసే నాకే వంక పెట్టడానికి ఏమీ కనిపించలేదు. తిరిగొస్తూ మావారితో "వీళ్లు చూసుకుంటారండీ" అన్నాను.

ఐదు రోజులకే, ఆగస్టు 11న, బిగ్ టెన్, పాక్-12 కాన్ఫరెన్సులు (ఒకరితో ఒకరు లీగ్ ఆడే కాలేజీల గుంపులు) ఫాల్ ఆటలు వాయిదా వేశాయి. 13న అప్పటి ఎన్‌సీఏఏ ప్రెసిడెంట్ మార్క్ ఎమర్ట్, ఆడే టీంలు సగం కూడా మిగల్లేదు కాబట్టి ఫాల్ ఛాంపియన్‌షిప్‌లు జరపలేమని చెప్పేశారు. ఏసీసీ, ఎస్ఈసీ, బిగ్ 12 కాన్ఫరెన్సుల వాళ్లు మాత్రం తమలో తాము ఆడుకున్నారు. మా అమ్మాయి కాన్ఫరెన్స్ ఆటని ఫిబ్రవరికి తోసింది. ఈలోపు మా ఇంటికి అరగంట దూరంలో, చాపెల్ హిల్ యూనివర్సిటీలో ఆగస్టు 10న క్లాసులు మొదలయ్యాయి. వారం తిరిగేసరికి డార్మ్‌లలో కేసులు గుంపులు గుంపులుగా బయటపడి, 19 నుంచి అండర్‌గ్రాడ్ క్లాసులన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి. పక్క వీధిలో ఒకాయన కొడుకుని దింపిన కార్లోనే మళ్లీ సామాను ఎక్కించుకుని తెచ్చుకున్నాడు. మా అమ్మాయి కాలేజీ ఇంకొన్ని రోజులు నెట్టుకొచ్చి, సెప్టెంబరు మొదట్లో అదే పని చేసింది. మామూలు విద్యార్థుల్ని ఇళ్లకి పంపేసి అథ్లెట్లని, ఇంటికి వెళ్లలేని విదేశీ పిల్లల్ని ఉంచుకుంది. "అమ్మా, ఇంత పెద్ద డైనింగ్ హాల్‌లో మేం ఇరవై ఏడు మందిమే" అని ఫోన్‌లో తిప్పి చూపించింది. ఒక్కో టేబుల్‌కి ఒక్కో కుర్చీ.

ఇక నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం దగ్గరికి వస్తాను.

సాకర్‌లో కాంటాక్ట్ ట్రేసింగ్ ఎలా పనిచేస్తుందో చాలామందికి తెలియదు. ఆరు అడుగుల లోపు, పదిహేను నిమిషాలు. అప్పటి లెక్క అది. మ్యాచ్‌లో ఇద్దరు ఫీల్డ్ ప్లేయర్లు ఢీకొన్నా, భుజం భుజం రాసుకున్నా ఆ కాసేపే, మళ్లీ విడిపోతారు. పదిహేను నిమిషాలు నిండవు. గోల్‌కీపర్లు అలా కాదు. ముగ్గురు కీపర్లు, ఒక కీపర్ కోచ్, గ్రౌండ్‌కి ఓ చివర, గంటన్నర సేపు ఒకరికి ఎదురుగా ఒకరు నిలబడి బంతులు విసురుకుంటూ, పడి లేస్తూ ఉంటారు. మిగతా టీంని ఆరుగురేసి గుంపులుగా విడగొట్టిన కోచ్‌లు, కీపర్లు ఎలాగూ విడిగానే ఉన్నారు కదా అని వాళ్లని అలాగే వదిలేశారు. సెప్టెంబరు ఆఖర్లో ఒక కీపర్‌కి పాజిటివ్ వచ్చింది. మర్నాటికి టీంలో గోల్‌లో నిలబడే మనిషే లేదు. ముగ్గురూ ఆటకి దూరమయ్యారు, కోచ్ కూడా దూరమైంది. పాజిటివ్ వచ్చిన అమ్మాయి ఐసొలేషన్‌కి, మిగిలినవాళ్లు 14 రోజుల క్వారంటీన్‌కి.

రాత్రి 9 గంటల 40 నిమిషాలకి ఈమెయిల్. గంటలో బట్టలు సర్దుకుని కింద వ్యాన్ దగ్గరికి రమ్మని. వ్యాన్‌లో డ్రైవర్‌కీ వెనక సీటుకీ మధ్య ప్లాస్టిక్ షీటు. క్యాంపస్ చివర, వాడకుండా వదిలేసిన పాత డార్మ్‌లో మూడో అంతస్తు. గదిలో ఫ్రిజ్ లేదు, మైక్రోవేవ్ లేదు. కిటికీ నాలుగంగుళాలకి మించి తెరుచుకోదు. పద్దెనిమిదేళ్ల పిల్ల, ఇల్లు వదిలి రెండు నెలలు కూడా కాలేదు.

మర్నాడు భోజనం రాలేదు. లిస్టులో పేరు ఇంకా ఎక్కలేదట. మధ్యాహ్నం మూడింటికి నేను నాలుగు ఆఫీసులకి ఫోన్ చేశాక, సాయంత్రం ఆరింటికి సంచీ వచ్చింది. ఆ రోజు నుంచి పదకొండింటికి తలుపు ముందు ఒక కాగితం సంచీ, అందులోనే మూడు పూటలకీ సరిపడా చల్లటి తిండి. శాండ్‌విచ్ రెండు, యాపిల్, చిప్స్, గ్రనోలా బార్. ఫారంలో వెజిటేరియన్ అని టిక్ పెట్టినా రెండు సార్లు టర్కీ శాండ్‌విచ్ వచ్చింది. పెట్టి వెళ్లేవాళ్లు తలుపు తట్టరు. సంచీ నేలకి తగిలిన చప్పుడు విని, కాసేపాగి తలుపు తీసేది.

తిండి గురించి చెప్పి నేను ఎవరినీ తిట్టదలుచుకోలేదు. వేలమందికి వండే చోట పొరపాట్లు జరుగుతాయి, వాటిని సరిదిద్దుకున్నారు కూడా. నన్ను బాధపెట్టింది వేరు. రోజూ పొద్దున యాప్‌లో ఒక ఫారం నింపాలి. జ్వరం ఉందా, దగ్గు ఉందా, వాసన తెలుస్తోందా. అన్నిటికీ లేదు, లేదు, తెలుస్తోంది అని కొడితే పచ్చ రంగు టిక్ వస్తుంది. ఆ టిక్‌తో కాలేజీ పని అయిపోయినట్టే. నిద్ర పట్టిందా అని అడగలేదు. ఎవరితోనైనా మాట్లాడావా అని అడగలేదు. తొమ్మిది రోజులు. తొమ్మిది రోజుల పాటు ఒక్క మనిషి కూడా ఆ తలుపు తట్టి, కారిడార్‌లో దూరంగానైనా నిలబడి "ఎలా ఉన్నావమ్మా" అని అడగలేదు. మాస్కులు లేవా, జాగా లేదా? అన్నీ ఉన్నాయి. ఆ పని ఎవరిదో రాసుకోలేదు, అంతే. ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్లలో నేను నేర్చుకున్నదీ ఇదే. ఎవరి పేరూ రాయని పని ఎవరూ చెయ్యరు.

మూడో రోజు నుంచి వీడియో ఆపేసి మాట్లాడడం మొదలుపెట్టింది. "బానే ఉన్నా అమ్మా" అనేది. ఆ గొంతులో బాగున్న జాడ లేదు. నాలుగో రోజు శనివారం, నైట్ డ్యూటీ దిగి కాసేపు పడుకుని, మావారూ నేనూ బయల్దేరాం. పులిహోర, దోసకాయ పచ్చడి, వేయించిన అప్పడాలు, ఒక చిన్న ఎలక్ట్రిక్ కెటిల్. కింద బల్ల మీద పెట్టి వెళ్లమన్నారు. పెట్టి, వెనక లాన్‌లోకి నడిచి, పైకి చూస్తూ ఫోన్ చేశాను. కిటికీ దగ్గరికి వచ్చింది. చేతులకి గోల్‌కీపర్ గ్లవ్స్ ఉన్నాయి. గదిలో బంతి కొడితే కింది గదివాళ్లకి ఇబ్బందని, సాక్సులు ఉండలు చుట్టి గోడకేసి కొట్టి పట్టుకుంటోందట. రోజుకి మూడు వందలు. లెక్క గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీసి పెట్టుకుంది. నాకు కింద నిలబడి ఏం మాట్లాడాలో తెలియలేదు. "ఎడమవైపు ఎక్కువ పట్టు, నీకు అటే కష్టం" అన్నాను. తలూపింది.

ఆ బిల్డింగ్‌కి మనిషిలా వచ్చిన మొదటి మనిషి అథ్లెటిక్ ట్రెయినర్. పదో రోజు అదే లాన్‌లో నిలబడి, ఫోన్ స్పీకర్లో పెట్టుకుని, కిటికీలో ఉన్న ఇద్దరమ్మాయిల చేత నలభై నిమిషాలు స్ట్రెచ్‌లు చేయించింది. ఆ రోజు నుంచి రోజూ వచ్చింది. అంతకుముందు ఎందుకు రాలేదంటే, ఆవిడకి కూడా ఎవరూ చెప్పలేదు. పిల్లల పేర్లు గోప్యంగా ఉంచాలని హెల్త్ సెంటర్ వాళ్లు ఎవరు ఎక్కడున్నారో ట్రెయినర్లకి ఇవ్వలేదు. మా అమ్మాయి చిన్నపాటి మెసేజ్ పెడితే తెలిసింది. కాలేజీల్లో ఆటలంటే అందరికీ కోచ్‌ల పేర్లే తెలుస్తాయి. ఈ ఏడాది పిల్లల్ని నిలబెట్టింది ట్రెయినర్లు. ఈ సర్వీసులో ఐదుకి ఐదు నక్షత్రాలు ఇవ్వదగ్గ భాగం అదొక్కటే, ఇస్తున్నాను.

పాజిటివ్ వచ్చిన అమ్మాయిని మళ్లీ గ్రౌండ్‌లోకి తెచ్చిన తీరు కూడా వాళ్ల పనే. ఆ నెలలోనే ఒహాయో స్టేట్ డాక్టర్లు, కోవిడ్ వచ్చి తగ్గిన 26 మంది కాలేజీ అథ్లెట్లకి గుండె ఎంఆర్‌ఐ తీస్తే నలుగురిలో గుండె కండరం వాపు లక్షణాలు కనిపించాయని పేపర్ వేశారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్‌లో ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. ఆ అమ్మాయికి పది రోజుల ఐసొలేషన్ తర్వాత ఈసీజీ, ఎకో, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేశారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ట్రోపోనిన్. హాస్పిటల్లో ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకి నేను రోజూ చేసే టెస్టు. అన్నీ సరిగ్గా వచ్చాక కూడా వెంటనే ఆడనివ్వలేదు. ఒక రోజు నడక, మర్నాడు సైకిల్, తర్వాత పరుగు, వారం తిరిగాక బంతి. ప్రతి మెట్టులోనూ ట్రెయినర్ పక్కనే ఉండి నాడి చూసింది. మొన్న మే ఆఖర్లో బిగ్ టెన్ కాలేజీలు 1,597 మందికి ఎంఆర్‌ఐలు తీసిన లెక్క బయటికి వచ్చింది. 37 మందిలో, అంటే 2.3 శాతంలో వాపు కనిపించింది. మొదట భయపడ్డంత లేదు. కానీ సున్నా కూడా కాదు. ఆ రోజుల్లో తెలిసిన దాన్నిబట్టి వాళ్లు తీసుకున్న జాగ్రత్త సరైనదే.

థ్యాంక్స్‌గివింగ్‌కి ఇంటికి వచ్చింది. వచ్చిన మూడో రోజు, నవంబరు 28న, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మగపిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ టీంలో కిక్కర్లు (బంతిని కాలితో తన్నేవాళ్లు) కోవిడ్ కాంటాక్ట్‌తో క్వారంటీన్‌లో పడితే, ఆ కాలేజీ మహిళల సాకర్ గోల్‌కీపర్ సారా ఫుల్లర్‌ని పిలిచారు. అప్పటికి వారం కిందటే ఆ అమ్మాయి టీం ఎస్ఈసీ టోర్నమెంట్ గెలిచింది. మిజోరీ మీద రెండో సగం ఆమె కిక్‌తోనే మొదలైంది. పెద్ద కాన్ఫరెన్సుల ఫుట్‌బాల్‌లో ఆడిన మొదటి అమ్మాయి. రెండు వారాల తర్వాత టెనెసీ మీద పాయింట్లు కూడా చేసింది. మా అమ్మాయి సోఫా అంచున కూర్చుని ఆ ఒక్క కిక్‌ని ఫోన్‌లో ఎన్నిసార్లు చూసిందో. "కీపర్ అమ్మా, తను కీపర్" అంది తమ్ముడితో, నాతో, వాళ్ల నాన్నతో, విడివిడిగా. క్వారంటీన్ నుంచి వచ్చాక ఆ పిల్ల ముఖంలో వెలుగు చూడడం అదే మొదలు.

జనవరిలో తిరిగి వెళ్లింది. ఈసారి కీపర్లని విడగొట్టారు. ఒకరు పొద్దున, ఒకరు మధ్యాహ్నం, ఒకరు టీంతో. బస్సులో ముగ్గురూ మూడు చోట్ల, హోటల్లో మూడు గదుల్లో. మేం తల్లిదండ్రులం నవంబరులో రాసిన ఉత్తరంలో ఇదే అడిగాం, చేశారు. విన్నందుకు ఒక నక్షత్రం కలుపుతున్నాను.

ఫిబ్రవరిలో సీజన్. కాన్ఫరెన్స్ రూల్ ప్రకారం మ్యాచ్‌కి 72 గంటల లోపు తీసిన పీసీఆర్ నెగటివ్ చేతిలో ఉండాలి. శుక్రవారం మ్యాచ్ అంటే మంగళవారం సాయంత్రం టెస్టు, బుధవారం రాత్రికో గురువారానికో రిజల్ట్. మొదటి మ్యాచ్ వారం మా అమ్మాయిది "పెండింగ్" అనే ఉంది. గురువారం పెండింగ్, శుక్రవారం పెండింగ్. మిగతావాళ్లు బస్సెక్కారు, తను గదిలో ఉండిపోయింది. శనివారం "శాంపిల్ రిజెక్ట్" అని వచ్చింది. కారణం లేదు. రెండో వారం మళ్లీ అదే. ఈసారి తనతోపాటు ఇంకో ఇద్దరు.

నాకు అనుమానం వచ్చింది. "నువ్వు ట్యూబ్ మీద స్టిక్కర్ ఎలా అంటిస్తున్నావో చూపించు నాన్నా" అన్నాను. వీడియోలో, దగ్గరున్న లిప్ బామ్ మీద ఒక కాగితం ముక్క అంటించి చూపించింది. ట్యూబ్ చుట్టూ ఉంగరంలా చుట్టింది. అదీ సంగతి. బార్‌కోడ్‌లో గీతలన్నీ ఒక్క చూపులో స్కానర్‌కి కనిపించాలి. ట్యూబ్ పొడవునా, నిచ్చెన మెట్లలా గీతలు ఒకదాని కింద ఒకటి పడేలా అంటిస్తే ఎటు తిప్పినా చదువుతుంది. చుట్టూ చుడితే సగం గీతలు వంపు అవతలికి పోతాయి. మెషిన్ చదవదు. రోజుకి వేల ట్యూబులు వచ్చే పెద్ద ల్యాబ్‌లో చదవని ట్యూబ్‌ని పక్కన రాక్‌లో పెడతారు. పక్కన పెట్టినదాన్ని ఎవరైనా చేత్తో చూసేసరికి రెండు రోజులు. అప్పటికి 72 గంటలు అయిపోతాయి.

టెంట్‌లో పిల్లలే స్వాబ్ తీసుకుని, పిల్లలే స్టిక్కర్ అంటించుకుంటారు. ముక్కులో ఎంత లోపలికి పెట్టాలో, ఎన్నిసార్లు తిప్పాలో బొమ్మలతో పెద్ద పోస్టర్ ఉందట. స్టిక్కర్ గురించి ఒక్క ముక్క లేదు. సోమవారం ప్రాక్టీస్ తర్వాత మా అమ్మాయి మార్కర్‌తో ఒక అట్ట మీద ట్యూబ్ బొమ్మ గీసి, పొడవునా స్టిక్కర్ వేసి, పక్కన చుట్టిన ట్యూబ్ గీసి దాని మీద ఇంటూ కొట్టి, టెంట్ స్తంభానికి టేపుతో అంటించింది. ఆ తర్వాత ఆ టీంలో ఒక్క శాంపిల్ కూడా రిజెక్ట్ కాలేదు. కాలేజీ వాళ్లు టెస్టుల మీద ఎంత ఖర్చు పెట్టారో నేను ఊహించగలను. ఆ ఖర్చుకి ఒక అట్టముక్క తోడైతే మా పిల్ల రెండు మ్యాచ్‌ల బస్సు ఎక్కేది. టెస్టింగ్‌కి మూడున్నర నక్షత్రాలు. స్వాబ్‌లకి, వేళకి, ఓపికకి ఎక్కువే ఇవ్వాలి, "రిజెక్ట్" అని రాసి ఎందుకో రాయకపోవడానికి తగ్గించాను.

లైవ్ స్ట్రీమ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ప్రేక్షకుల్ని రానివ్వలేదు కాబట్టి నెలకి పది డాలర్లు కట్టి చూశాం. ఒకే కెమెరా, మధ్య గీత దగ్గర. బంతి ఎటు పోతే అటు తిరుగుతుంది. ఫార్వర్డ్ తల్లికి అది చాలేమో. కీపర్ తల్లికి, తన బిడ్డ కనిపించిందంటే అవతలి టీం మీదకొచ్చేస్తున్నట్టే. మార్చి మధ్యలో మొదటి కీపర్ రూమ్మేట్‌కి పాజిటివ్ రావడంతో మా అమ్మాయికి గోల్‌లో నిలబడే అవకాశం వచ్చింది. 90 నిమిషాలకి ఒకటి ఒకటి. ఆ సీజన్ రూల్ ప్రకారం అదనపు సమయం పదేసి నిమిషాల చొప్పున రెండు, ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే మ్యాచ్. 107వ నిమిషంలో కెమెరా గబగబా ఎడమకి తిరిగింది. నేను కుర్చీలోంచి లేచాను. కింద మూలకి, తన ఎడమవైపు, నేలబారుగా వచ్చిన బంతి. పడి, వేళ్ల చివర్లతో స్తంభం అవతలికి తోసింది. కెమెరా వెంటనే కార్నర్ వైపు తిరిగిపోయింది. లేచిందో లేదో నాకు కనిపించలేదు. మ్యాచ్ డ్రా అయింది. రాత్రి ఫోన్ చేసి మొదటి మాట, "అమ్మా, ఎడమవైపు" అంది.

మా అమ్మాయి టీం ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి వెళ్లలేదు. మామూలుగా 64 టీంలు ఆడే టోర్నమెంట్‌ని ఈసారి 48కి తగ్గించి, అందరినీ నార్త్ కరోలినాకే రప్పించి ఆడించారు. సెమీస్, ఫైనల్ మా ఊళ్లోనే, కేరీ వేక్‌మెడ్ సాకర్ పార్క్‌లో. డిసెంబరులో జరగాల్సిన ఫైనల్ మే 17న జరిగింది. శాంటా క్లారా, ఫ్లోరిడా స్టేట్ ఒకటి ఒకటి దగ్గర ఆగితే, శాంటా క్లారా పెనాల్టీల్లో 4-1తో గెలిచింది. 2001 తర్వాత వాళ్లకి మళ్లీ ఇప్పుడే కప్పు. పరీక్షలు అయిపోయి ఇంటికొచ్చిన మా అమ్మాయి పెనాల్టీలు మొదలవగానే టీవీ ముందు నేల మీదికి దిగి కూర్చుంది, ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను. క్లాసులు ఆన్‌లైన్ అయినా ట్యూషన్ తగ్గించలేదు. క్వారంటీన్ రోజులకి మీల్ ప్లాన్‌లో కొంత వెనక్కి ఇచ్చారు, అడిగాకే. ఇంకో లెక్క మాత్రం మనవాళ్లు గుర్తుంచుకోవాలి. ఫాల్ అథ్లెట్లందరికీ ఎన్‌సీఏఏ ఒక ఏడాది ఎలిజిబిలిటీ (కాలేజీ తరఫున ఆడే అర్హత) అదనంగా ఇచ్చింది. మంచిదే. కానీ ఈ 2021 రూల్ ప్రకారం మహిళల సాకర్‌లో ఒక టీంకి 14 పూర్తి స్కాలర్‌షిప్‌లే, అవే దాదాపు ముప్ఫైమందికి ముక్కలుగా పంచుతారు. వెళ్లిపోవాల్సిన సీనియర్లు ఆగితే కొత్తగా వచ్చేవాళ్లకి జాగా తగ్గుతుంది. పైగా 2020 మార్చి నుంచి ఈ మే 31 దాకా కోచ్‌లు ఏ పిల్లనీ నేరుగా చూడడానికి వీల్లేకుండా పోయింది. మీ అమ్మాయి ఇప్పుడు పదకొండో తరగతిలో ఉండి ఆడుతుంటే, వీడియోలు పంపి ఊరుకోకండి, ఈ వేసవిలోనే కోచ్‌ల కళ్ల ముందు ఆడించండి.

మొత్తం కలిపి నా రేటింగ్ ఐదుకి మూడు. పంపొచ్చా అని అడిగినవాళ్లకి నా జవాబు, పంపండి. నేనూ ఆగస్టులో మళ్లీ దింపుతున్నాను. టీకాలు వచ్చాయి, అమ్మాయికి ఏప్రిల్‌లో రెండు డోసులూ అయ్యాయి. అయినా దింపేముందు కాలేజీకి మూడు ప్రశ్నలు రాసి పంపాను, మీరూ పంపండి. శాంపిల్ రిజెక్ట్ అయితే కారణం ఎన్ని గంటల్లో చెప్తారు? పిల్లని క్వారంటీన్‌కి మారిస్తే అదే గంటలో ట్రెయినర్‌కి చెప్పడానికి ఏ కాగితం మీద సంతకం పెట్టాలి? ఆ బిల్డింగ్‌లో రోజుకోసారి తలుపు తట్టి పలకరించే పని ఎవరిది, వాళ్ల పేరేంటి?

మొదటిదానికి ఇరవై నాలుగు గంటలని జవాబు వచ్చింది. రెండోదానికి ఫారమే పంపారు, అమ్మాయి సంతకం పెట్టింది. మూడోదానికి "సంబంధిత విభాగానికి పంపాం" అన్నారు. ఎవరిదైనా ఒక పేరు వచ్చిన రోజు ఈ రేటింగ్‌ని నాలుగు చేస్తాను.